జామీను గడి

ఆదివారం పొద్దున రావియా లైబ్రరీ మెట్లెక్కేసరికి అక్కడి అధికారి ఉస్తాజ్ షౌకత్ కిటికీ దగ్గర నిలబడి ఒక కాగితం చదువుతున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకున్నాడంటే అది పైనుంచి వచ్చిన కాగితమే. పత్రికలైతే చేయి చాచి దూరంగా పెట్టుకుని చదువుతాడు.

"వచ్చావా తల్లీ. కూర్చో. టీ తర్వాత పెట్టుకుందువుగాని."

రావియా చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి సంచీలో వేసుకుంది. మైక్రోబస్సులో సగం విన్న దూరవిద్య పాఠం వాక్యం మధ్యలో ఆగిపోయింది. తన ఊరు సమన్నూద్ నుంచి ఈ మహల్లా పట్నానికి వచ్చే దారిలో రెండుచోట్ల సిగ్నల్ పోతుంది. అందుకని ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని, వేగం పెంచి, దారిలో వింటుంది. ఆ వేగానికి పాఠం చెప్పే డాక్టర్ మాజిదా గొంతు చిన్నపిల్ల అలిగినట్టు వినిపిస్తుంది. నాలుగేళ్ళుగా రావియాకు ఆవిడ అసలు గొంతు తెలియదు.

కాగితంలో ఉన్నది నాలుగు వాక్యాలే. లోపలి గది వేరే పనికి కావాలి. గత ఐదేళ్ళలో ఒక్కసారి కూడా బయటికి వెళ్ళని పుస్తకాల జాబితాను, ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరు ప్రకారం తయారుచేసి గురువారంలోగా పంపాలి. ఆ పుస్తకాలు కాగితపు గుజ్జు మిల్లుకు వెళతాయి.

"రిజిస్టరు నీ చేతిరాతే కదా, జాబితా కూడా నువ్వే రాయి. నేను సంతకం పెడతాను," అన్నాడు షౌకత్. ఆయన గొంతులో ఏదో బరువు దిగిన తేలిక వినిపించింది. "ఎన్ని పోతే అంత మంచిది. వచ్చేనెల నా రిటైర్మెంటు. నా ఛార్జి పుచ్చుకునే మగాడు ఈ ఊళ్ళో ఒక్కడూ దొరకలేదు. ఎవరినడిగినా కడుపునొప్పే. ఛార్జికి డిగ్రీ ఎందుకయ్యా, మెడ ఉంటే చాలు అని కూడా చెప్పాను."

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడుగాని, చేయి మాత్రం మెడ మీదికి వెళ్ళింది. లైబ్రరీలోని ప్రతి పుస్తకమూ ఇరవై ఆరేళ్ళుగా ఆయన సొంత పేరు మీద ఉంది. ఒక్కటి తగ్గినా విచారణ ఆయన మీదే. అన్నీ మరొకరికి అప్పజెప్పేదాకా రిటైర్మెంటు కాగితం కదలదు. అందుకే ఆయన దగ్గర ఒక సామెత ఉంది: పుస్తకం అలమారలో ఉంటే పుస్తకం, బయటికెళితే ఫిర్యాదు.

"నీ ట్రైనింగ్ కాగితం కూడా గురువారమే కదా? రెండు సంతకాలూ ఒకే కలంతో పెట్టేద్దాం."

రావియా తలూపింది. నూట ఇరవై గంటల ప్రాక్టికల్ శిక్షణ పూర్తయిందని ఛార్జిలో ఉన్న అధికారి సంతకం చేయాలి. ఆ కాగితాన్ని గురువారంలోగా యూనివర్సిటీ వెబ్‌సైటులో పెట్టకపోతే ఏడాది పోతుంది. పదకొండేళ్ళుగా ఆమె హోదా 'గుమాస్తా, కామర్స్ డిప్లొమా'. దానికీ 'లైబ్రేరియన్' అనే మాటకూ మధ్య మిగిలింది ఈ ఒక్క సంతకం.

రిజిస్టరు తెరిచింది. ఐదేళ్ళకు కలిపి అరవై ఒక్క వరసలు. అన్నీ ఆఫీసర్ల పిల్లలు పట్టుకెళ్ళిన గైడ్లు, నిఘంటువులు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే ప్రభుత్వోద్యోగి ఒకరు ముద్ర వేసిన కాగితంతో జామీను ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే పుస్తకం కదలకూడదు.

మధ్యాహ్నానికి జాబితాలో నాలుగువందలు దాటాయి. అలమార నుంచి ఒక్కొక్కటే తీసి, నంబరు చూసి రాసి పెట్టేస్తోంది. పచ్చ అట్ట నవల ఒకటి చేతికొచ్చినప్పుడు మాత్రం కలం ఆగిపోయింది. పుట అంచున నీలం నూలుపోగు వేలాడుతోంది. దాని మీద పదకొండు ముడులు.

పుస్తకాన్ని మూసి, దాని నంబరు కూడా రాసింది. తప్పు లేదు. రిజిస్టరు ప్రకారం దాన్ని ఎవరూ చదవలేదు.

*

సోమవారం మైక్రోబస్సులో కండక్టరు డబ్బులకోసం చేయి చాస్తూ, పెద్దక్కను పిలిచినట్టు, "అబ్లా, ఇంకా పరీక్షలేనా? మా పిల్లలు కూడా పాసైపోయారు!" అన్నాడు. వెనక సీట్లో ఎవరో నవ్వారు. రావియా కూడా నవ్వి, మళ్ళీ ఇయర్‌ఫోన్ పెట్టుకుంది.

ఈ వారం పాఠం ఏరివేత గురించే. ఏ పుస్తకం ఉంచాలి, ఏది తీసెయ్యాలి. మామూలుగా అయితే ఈ కాకతాళీయానికి ఆమెకు సంతోషం కలిగేది. ఇవాళ కలగలేదు. డాక్టర్ మాజిదా వేగంగా, అలకగా చెప్పుకుపోతోంది: "రికార్డులో ఉన్నది చదువరి కాదు, రికార్డు మాత్రమే. పుస్తకం ఒంటిని చూడండి. వెన్ను మెత్తబడిందా, అంచు నల్లబడిందా..."

రావియా పాఠం ఆపేసింది.

ఆరేళ్ళ కిందట ఇంషిరాహ్ మొదటిసారి వచ్చినప్పుడు జామీను గడి చూపించి తిప్పి పంపేసింది తనే. ఇంషిరాహ్ ఓ ప్రైవేటు నేత మిల్లులో పని చేస్తుంది. ఆ మిల్లు ఆడవాళ్ళలో ఎవరి ఇంట్లోనూ ప్రభుత్వోద్యోగి లేడు. మూడోసారి వచ్చినప్పుడు రావియా ఏమీ అనకుండా పుస్తకాన్ని ఆమె కూరల సంచీలో పెట్టేసింది. ఆ తర్వాత అదొక పద్ధతిగా మారింది. మర్నాడు సెలవు కనక గురువారం ఉస్తాజ్ షౌకత్ త్వరగా ఇంటికి వెళతాడు. అప్పుడు ఎనిమిదో పదో పుస్తకాలు సంచీలో బయటికి వెళతాయి. సోమవారం ఆయన భోజనానికి వెళ్ళిన వేళ తిరిగొస్తాయి. పుస్తకంలో పెన్ను గీత పడితే చెరగదు, ఎప్పటికైనా దొరికిపోతారు. అందుకని మిల్లులో నేల మీద పడిన నూలుపోగు ఒకటి పుటల మధ్య ఉంచుతారు. చదవడం అయినవాళ్ళు దానికి ఒక ముడి వేస్తారు. తనిఖీ అంటే పుస్తకాల వెన్నులు లెక్కపెట్టడమే, లోపలికి ఎవరూ చూడరు.

ఇన్నాళ్ళూ ఆ సంగతి తలుచుకుంటే రావియాకు లోపల వెచ్చగా ఉండేది. ఎవరికీ తెలియని మంచి పని. మైక్రోబస్సు కుదుపుల్లో ఆ వెచ్చదనాన్ని మొదటిసారి పట్టి చూసుకుంది. అందులో సగం గర్వమే. ఈ ఊళ్ళో తను ఇస్తేనే దొరుకుతుందన్న గర్వం. వాళ్ళను కాపాడుతున్నానని వాళ్ళ పేర్లు రాయలేదు. పేర్లు లేవు కనక వాళ్ళు చదవలేదు. చదవలేదు కనక ఆ పుస్తకాలు గుజ్జు మిల్లుకు పోతాయి. తన మంచితనమే వాటికి చావుచీటీ రాసింది.

మధ్యాహ్నం ఇంషిరాహ్ వచ్చింది. తలగుడ్డ మీద దూది నలక తెల్లగా మెరుస్తోంది. సంచీలోంచి ముందు ముల్లంగి కట్ట, దాని కింద పుస్తకాలు తీసింది.

"ఇదిగో తాగుబోతు వకీలు. ఇదిగో కిడ్నీల పుస్తకం, దీన్ని చూసి మా సూపర్వైజరు ఉప్పు మానేశాడమ్మా, మా మీద అరవడం మాత్రం మానలేదు. రెండు పెళ్ళిళ్ళ డాక్టరు మాత్రం రాలేదు అబ్లా. నదా తీసుకుంది. కూతురి పురుడని తంతా ఊరికి వెళ్ళిపోయింది. బిడ్డ కోసం కాచుకుని పుస్తకం చదువుతూ ఉంటుంది ముండ."

"ఖాలా, ఎప్పుడొస్తుంది?" వయసులో పెద్దదని రావియా ఆమెను పిన్ని వరసలో పిలుస్తుంది.

"బిడ్డ రావాలి, ఏడోరోజు కావాలి, అప్పుడు డాక్టరొస్తాడు." ఇంషిరాహ్ రావియా ముఖంలోకి చూసి నవ్వు ఆపేసింది. "ఏమైంది?"

రావియా చెప్పింది. ఇంషిరాహ్ ముల్లంగి కట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. "మేం చదివామని చెబితే?" అంది.

"మీరెలా చదివారని అడుగుతారు."

"నిన్ను తీసేస్తారా?"

"తెలీదు. నా చదువు కాగితం మీద సంతకం మాత్రం పడదు."

"అయితే చెప్పకు," అంది ఇంషిరాహ్ వెంటనే. "నీ చదువు ముఖ్యం. మాకేముంది, టీవీ చూసుకుంటాం. మిల్లు మోతలో చెవులు ఎలాగూ పోయాయి, ఇప్పుడు కళ్ళకు విశ్రాంతి అనుకుంటాం." ముల్లంగి కట్ట బల్ల మీదే వదిలేసి, ఖాళీ సంచీని చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆమె కోప్పడి ఉంటే బాగుండేదని రావియాకు అనిపించింది. కోపానికైతే జవాబు చెప్పవచ్చు.

*

మంగళవారం ఉస్తాజ్ షౌకత్ రొట్టె తుంచి ఫూల్ గింజల కూరలో ముంచుతుండగా, రావియా ఆయన ముందు రెండు జాబితాలు పెట్టింది.

"మొదటిది రిజిస్టరు ప్రకారం రాసింది. పదిహేనువందల డెబ్బై తొమ్మిది. రెండోది నేను రాసింది. ఆరువందల నలభై."

"రెండోది ఎందుకు?"

"ఇవి నిజంగా ఎవరికీ అక్కర్లేనివి. ఎప్పుడో జరిగిన ఒక సదస్సు నివేదిక ఎనభై కాపీలు. రద్దయిపోయిన ధరల చట్టాలు. మారిపోయిన సిలబస్ గైడ్లు. వీటితోనే లోపలి గది ఖాళీ అవుతుంది. మిగిలినవి చదువుతున్నారు."

"ఎవరు?"

ఒక్కసారిగా చెప్పేయాలని పొద్దుటి నుంచి అనుకుంటూనే ఉంది. ఇప్పుడు ఒక్కొక్క మాటే వచ్చింది. మిల్లు ఆడవాళ్ళు, గురువారాలు, సంచీ, నూలుపోగు, ముడులు. ఆరేళ్ళు. పచ్చ అట్ట నవల తెరిచి నీలం పోగు చూపించింది. షౌకత్ రొట్టె ముక్కను గిన్నెలో వదిలేశాడు. అది మెల్లగా మునిగింది.

"అంటే, గురువారం గురువారం నేనింట్లో బాతుకూర తింటూ ఉంటే, నా పుస్తకాలు మిల్లులో తిరుగుతున్నాయన్నమాట."

"అవును ఉస్తాజ్."

"ఆరేళ్ళు నా మెడ ఈ పోగు మీద వేలాడింది." ఆయన పోగును తాకలేదు, దాని మీదికి ఒంగి చూశాడు. "ఎన్ని పోయాయి?"

"ఏదీ పోలేదు. ఒక్కటి మాత్రం బయట ఉంది. వస్తుంది."

"ఎలా తెలుసు?"

"తెలుసు."

"తెలుసు అనేది లెక్క కాదు!" ఆయన అరవడం రావియా ఎప్పుడూ వినలేదు. అరిచాక ఆయనే భయపడ్డట్టు తలుపు వైపు చూశాడు. తర్వాత ఆమె ట్రైనింగ్ కాగితాన్ని ఫైల్లోంచి తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. "రేపు లెక్క. మొత్తం. ఆ తర్వాతే ఏదైనా."

*

బుధవారం లైబ్రరీ తలుపు లోపల గడియ పెట్టారు. షౌకత్ స్టాక్ రిజిస్టరు ముందు కూర్చుని నంబరు చదివాడు. రావియా నిచ్చెన మీద నిలబడి పుస్తకాన్ని పైకెత్తి చూపించి, "ఉంది" అంది. ఆయన టిక్కు పెట్టాడు. నంబరు. ఉంది. టిక్కు. గంట గడిచేసరికి ఆయన గొంతు యంత్రంలా అయింది. ఆమె మోచేతుల దాకా దుమ్ము. 'ఉంది' అన్నప్పుడల్లా ఆ పుస్తకం ఏ సంచీలో ఎన్నిసార్లు వెళ్ళిందో ఆమెకు గుర్తొస్తోంది. దీన్ని మూడు నెలలు వరసగా అడిగారు. దీన్ని చదివి ఒకావిడ కూతురికి పేరు పెట్టుకుంది. ఆయనకు అది ఒక టిక్కు.

తొమ్మిదివందల పన్నెండు దగ్గర ఆమె చేయి ఖాళీ చోటు మీద ఆగింది.

"తొమ్మిదివందల పన్నెండు," అని మళ్ళీ చదివాడు.

"లేదు."

షౌకత్ ఎర్ర పెన్సిలు తీసి, నంబరు చుట్టూ నిదానంగా సున్నా చుట్టాడు. ఆ నిదానాన్ని భరించడం అరుపును భరించడం కంటే కష్టమైంది.

మూడింటికి మిగిలింది ఇనుప అలమార ఒక్కటే. ఖరీదైన అట్టలు, బంగారు రాతల పెద్ద సంపుటాలు. దాని తాళంచెవి షౌకత్ తన గొలుసుకే తగిలించుకుంటాడు. అద్దం తలుపులోంచి వెన్నులు కనిపిస్తే చాలు, లెక్క పూర్తయినట్టే. ఈసారి ఆయనే లేచి వచ్చి తాళం తీశాడు. "ఇవి చూడు," అన్నాడు. "ఇన్నేళ్ళలో ఒక్క చేయి పడలేదు వీటి మీద." మొదటి సంపుటాన్ని వెన్ను పట్టుకుని లాగాడు.

వెన్ను మాత్రమే చేతికొచ్చింది.

దాని వెనక పుస్తకం లేదు. ఎర్రమట్టి గూడు, పిండి, ఎండిన చెదపురుగుల రెక్కలు. వెనక గోడ చెమ్మ అలమారలోకి దారి చేసింది. ఆయన రెండోది లాగాడు. మూడోది. కొన్నింటికి అట్టలు మిగిలాయి. బంగారు రాతలు మాత్రం చెక్కుచెదరకుండా మెరుస్తున్నాయి. ఇరవై మూడు.

షౌకత్ వెన్నుల్ని బల్ల మీద వరసగా పేర్చాడు, అవింకా పుస్తకాలే అయినట్టు. పేర్చి కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా మీద మట్టి పడింది. దులుపుకోలేదు.

ఆ క్షణంలో రావియాకు ఒక ఆలోచన వచ్చింది. స్పష్టంగా, చల్లగా వచ్చింది. బయట తిరిగింది ఒక్కటి పోయింది, లోపల దాచినవి ఇరవై మూడు పోయాయి. ఈ లెక్క ఇద్దరికే తెలుసు. ఒక్క మాట అంటే చాలు, సొరుగు తెరుచుకుంటుంది. నాలుక చివర దాకా వచ్చిన ఆ మాటను చూసింది. చక్కగా, పదునుగా ఉంది. తను ఇంత తొందరగా అంత మంచి మాట కూర్చగలదని తెలిసి తనంటేనే కొంచెం అసహ్యం వేసింది.

గుడ్డ తడిపి తెచ్చి బల్ల మీది మట్టి తుడవడం మొదలుపెట్టింది.

"ఛార్జి నా పేర రాయండి ఉస్తాజ్."

ఆయన తలెత్తలేదు.

"నేను పర్మనెంటు ఉద్యోగినే. మెడ ఉంటే చాలన్నారు కదా."

"ఇవి?" వెన్నుల వైపు చేయి చూపించాడు.

"చెద తిన్నవని రాద్దాం. తిన్నది చెద, మీరు కాదు. నా రెండో జాబితాలో కలిపితే ఆరువందల అరవై మూడవుతాయి."

"ఆ లేనిది?"

"లేనిదిగానే పుచ్చుకుంటాను. నా లెక్కలోకి."

"పిచ్చిదానా! లేని పుస్తకాన్ని ఎవరైనా పుచ్చుకుంటారా? రేపు రాకపోతే విచారణ నీ మీద. ఇరవై ఆరేళ్ళు నేను సరిగ్గా నిద్రపోయానా అడుగు. మహల్లాలో వాన పడితే నాకు భయం, వైరు కాలిన వాసన వస్తే భయం, ఎవరైనా పుస్తకం అడిగితే భయం..." ఆయన ఆగిపోయాడు. ఆ చివరి మాటను తనే మొదటిసారి విన్నట్టు ఆమె వైపు చూశాడు.

"నాకూ భయమే," అంది రావియా. "ఆరేళ్ళుగా సోమవారం సోమవారం భయపడ్డాను. ఇకనుంచి రాసి భయపడతాను."

*

గురువారం పది గంటలకు ఛార్జి కాగితాలు నాలుగు కాపీలు సిద్ధమయ్యాయి. షౌకత్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ప్రతి పుట కింద ఇద్దరూ సంతకాలు చేశారు. ఎడమవైపు 'అప్పగించినవారు', కుడివైపు 'పుచ్చుకున్నవారు'. ఎర్ర సున్నా ఉన్న పుట వచ్చినప్పుడు ఆయన కలం ఎత్తి, ఆమె చేయి కదిలేదాకా ఆగాడు. ఆమె అక్కడ కొంచెం పెద్దగానే సంతకం చేసింది. ఆరువందల అరవై మూడు పుస్తకాల జాబితా కవరులో పెట్టారు. దాని మీద సంతకం ఇప్పుడు ఆమెదే.

అప్పుడు ఆయన సొరుగు తాళం తీశాడు. ట్రైనింగ్ కాగితం తిప్పి ఆమె ముందు పెట్టాడు. ముందే నింపి ఉంది.

'పుస్తకాల పరిజ్ఞానం: అత్యుత్తమం. పాఠకులతో వ్యవహారం: అత్యుత్తమం. నిబంధనల పాటింపు: బలహీనం.' కింద సంతకం, ముద్ర.

"బలహీనమా?"

"మరి అబద్ధం రాయమంటావా?" అన్నాడు షౌకత్. "పాస్‌కు సరిపోతుంది. లెక్కేసి చూశాను." తాళంచెవులు గొలుసులోంచి ఒక్కొక్కటే తప్పించి బల్ల మీద పెట్టాడు. చివరిదాన్ని, ఇనుప అలమారదాన్ని, కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. "దీన్ని తెరిచే ఉంచు. గాలి తగలాలి."

ఆయన మెట్లు దిగాక మెడను ఒకసారి తడుముకోవడం కిటికీలోంచి కనిపించింది.

రావియా ఫోనుతో కాగితాన్ని ఫోటో తీసింది. వెబ్‌సైటు రెండుసార్లు మొరాయించి మూడోసారి పుచ్చుకుంది. ఇంకా ఫోను చేతిలో ఉండగానే మెట్ల మీద చప్పుడైంది.

ఇంషిరాహ్. వగరుస్తూ వచ్చి, ఉల్లిపాయల కిందినుంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. నంబరు తొమ్మిదివందల పన్నెండు. "తంతా వెళ్ళి పట్టుకొచ్చాను. బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. నదా పురిటి మంచం పక్కన దీన్ని పైకి చదువుతోంది. ఆఖరి రెండు పుటలున్నాయి ఆగమంది. నిలబడి చదివించి లాక్కొచ్చాను. ఇక నీకు మాట రాదు. ఇదే ఆఖరు అబ్లా, నేను వెళ్ళొస్తా."

"కూర్చో ఖాలా."

రావియా ఎర్ర సున్నా ఉన్న పుట తెరిచి, దాని పక్కన టిక్కు పెట్టింది. తర్వాత ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరు తీసి, తారీఖు వేసి, "నీ పూర్తిపేరు చెప్పు" అంది.

ఇంషిరాహ్ కుర్చీలోంచి సగం లేచింది. "నన్ను పట్టిస్తావా?"

"దీన్ని నీకిచ్చినట్టు రాసుకుంటాను. చెప్పు."

"ఇంషిరాహ్ అతియ్యా దర్వేష్," అంది, పోలీసు స్టేషన్లో చెప్పినట్టు. రావియా కలం వెంట ఆమె కళ్ళు నడిచాయి. పేరు, వీధి, పని, పుస్తకం నంబరు. ఆఖరి గడి దగ్గరికి వచ్చేసరికి ఇంషిరాహ్ ఓ నిట్టూర్పు విడిచింది. "అదిగో, అక్కడే. ఆ గడి దగ్గరే నన్ను ఆరేళ్ళ కిందట వెనక్కి పంపావు. నాకు జామీను ఎవడుంటాడు?"

ఎవరి జామీను చెల్లుతుందన్నది ఛార్జిలో ఉన్నవాళ్ళ నిర్ణయం. రావియా ఆ గడిలో తన పేరు రాసింది. రాసి, ముద్ర వేసి, రిజిస్టరును ఇంషిరాహ్ వైపు తిప్పింది.

ఇంషిరాహ్ వరస మొత్తం వేలుపెట్టి చదివింది. మళ్ళీ చదివింది. తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుని, "నా పేరులో దర్వేష్ నీకంటే బాగా రాస్తాను నేను," అంది. "మరి ముడి?" అని అడిగింది.

"ముడి కూడా వెయ్యండి."

"అయితే ఒక మాట. కింద తొమ్మిదిమంది నిలబడ్డారు. సంతాపం చెప్పడానికి వచ్చారు నీకు. రమ్మననా?"

"రమ్మను."

ఇంషిరాహ్ మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి ఒంగి, మగ్గాల మోతలో మాట్లాడే గొంతుతో అరిచింది. చెప్పుల చప్పుడు పైకి రావడం మొదలైంది. ఆ పుటలో ఖాళీ వరసలు ఆరే మిగిలాయి. రావియా తర్వాతి పుట తిప్పి, వాళ్ళు వచ్చేలోగా, పైనుంచి కిందిదాకా జామీను గడిలో తన పేరు రాయడం మొదలుపెట్టింది.